ఫంక్షనల్ వైద్యమా, ఇంటిగ్రేటివ్ వైద్యమా? షుగర్, థైరాయిడ్ ఉన్న అమ్మగారి విషయంలో ఏది, ఎందుకు

చదివే మిగతావారికీ తెలియాలి కాబట్టి మీరు రాసిన వివరాలు ముందు ఒకచోట పెడతాను. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటున్న మీ అమ్మగారికి 54 ఏళ్లు. షుగర్ వచ్చి ఏడేళ్లు. మెట్‌ఫార్మిన్ 500 ఉదయం ఒకటి, రాత్రి ఒకటి; ఉదయం గ్లిమిపిరైడ్ 1 మి.గ్రా.; థైరాయిడ్‌కు 50 మైక్రోగ్రాముల మాత్ర. ఈమధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8.3. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుంటున్నారు. నీరసం, కడుపుబ్బరం, అరికాళ్లలో తిమ్మిరి. విశాఖలో ఉండే మీ బావగారు ఆన్‌లైన్‌లో ఒక ఫంక్షనల్ మెడిసిన్ ప్రోగ్రామ్ చూశారు: ఆరు నెలలకు 48 వేలు, మొదట 80 పరీక్షలు, తర్వాత సప్లిమెంట్లు, చివరికి షుగర్ మందులు మాన్పిస్తామని హామీ. బరంపురంలో చూపించిన డాక్టరుగారేమో ఉన్న మందులు ఉంచి, యోగా, ఆయుర్వేదం జోడిద్దామన్నారు. ఈ రెండూ ఒకటేనా, కాకపోతే ఏది మంచిదని మీరడిగారు.

ఒకటి కాదు. బావగారు చూసింది ఫంక్షనల్ వైద్యం, బరంపురం డాక్టరుగారు చెప్పింది ఇంటిగ్రేటివ్ వైద్యం. మీ అమ్మగారికి రెండో దారే సరైనది. మొదటి దారిలో కూడా పైసా ఖర్చు లేని మంచి పద్ధతి ఒకటుంది, దాన్ని మాత్రం తీసుకోండి. అయితే ఈ రెండిటికన్నా ముందు ఇప్పుడు వాడుతున్న మందుల్లోనే సరిచేయాల్సినవి నాలుగైదు కనిపిస్తున్నాయి. అవి సరిచేయకుండా ఏ కొత్త వైద్యం మొదలుపెట్టినా, ఏది పని చేసిందో ఏది చెడగొట్టిందో ఎవరికీ తెలియదు.

ఫంక్షనల్ మెడిసిన్ అమెరికాలో పుట్టిన పేరు. జెఫ్రీ బ్లాండ్ అనే జీవరసాయన శాస్త్రవేత్త 1991లో అక్కడ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫంక్షనల్ మెడిసిన్ ప్రారంభించారు. జబ్బు పేరు పట్టుకుని మందు రాయడం కాదు, ఈ మనిషికే ఈ జబ్బు ఎందుకు వచ్చిందో వెతకాలన్నది దాని మూల సూత్రం. మొదటి సంప్రదింపుకే గంట, గంటన్నర కేటాయిస్తారు. తిండి, నిద్ర, ప్రసవాలు, పాత జబ్బులు, ఇంట్లో ఒత్తిడి అన్నీ అడుగుతారు. జీర్ణం, రోగనిరోధకం, శక్తి తయారీ, వ్యర్థాల విసర్జన, రక్తప్రసరణ, హార్మోన్లు, శరీర నిర్మాణం అనే ఏడు గళ్లలో ఆ వివరాలు సర్దుతారు. ఇంతవరకు బాగుంది. ఇది మంచి వైద్యుడు ఎలాగూ చేయాల్సిన పని. మన ఓపీల్లో రోగికి దక్కేది మూడు నిమిషాలు కాబట్టి జరగడం లేదు. చిక్కంతా దీని తర్వాత వచ్చే పరీక్షల జాబితాలోనూ సప్లిమెంట్లలోనూ ఉంది. అమెరికాలో కుటుంబ వైద్యుల అకాడమీ 2014లో ఈ కోర్సులకు తన విద్యా క్రెడిట్లు ఇవ్వడం ఆపేసింది. కొన్నేళ్ల తర్వాత కొంత సడలించినా, పూర్తిగా ఒప్పుకోలేదు. మన దేశంలో ఇది నేషనల్ మెడికల్ కమిషన్ గుర్తించిన స్పెషాలిటీ కాదు. పేరు పక్కన ‘సర్టిఫైడ్ ఫంక్షనల్ మెడిసిన్ ప్రాక్టీషనర్’ అని ఉన్నంత మాత్రాన ఆ మనిషి డాక్టరని అనుకోకూడదు. డాక్టర్లు ఉంటారు, డైటీషియన్లు ఉంటారు, కొన్ని నెలల కోర్సు చేసిన హెల్త్ కోచ్‌లూ ఉంటారు.

ఇంటిగ్రేటివ్ వైద్యం అడిగేది వేరే ప్రశ్న: జరుగుతున్న వైద్యానికి పక్కన ఇంకేమి చేరిస్తే మేలు, చేర్చేదానికి ఆధారం ఉందా, ఉన్న మందుతో తగువు పడుతుందా? ఆండ్రూ వైల్ 1994లో అరిజోనా విశ్వవిద్యాలయంలో దీనికి శిక్షణ మొదలుపెట్టారు. అమెరికా ప్రభుత్వం 2014లో తన పరిశోధన కేంద్రం పేరులోంచి ‘ప్రత్యామ్నాయ’ అన్న మాట తీసేసి ‘ఇంటిగ్రేటివ్’ అని పెట్టింది. ఆ రెండు మాటల మధ్యే అసలు తేడా ఉంది: బదులుగా కాదు, తోడుగా. మనకు ఢిల్లీ ఎయిమ్స్‌లో, బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇలాంటి విభాగాలున్నాయి. మీ దగ్గర ఇది ఇంకా సులువు. ఒడిశాలో చాలా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఎంబీబీఎస్ డాక్టరు, ఆయుష్ డాక్టరు ఒకే కప్పు కింద కూర్చుంటారు. బరంపురం దగ్గర అంకుశ్‌పూర్‌లో ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, ఆసుపత్రి ఉన్నాయి. ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉన్నదీ ఆ బరంపురంలోనే. ఒకే ప్రయాణంలో రెండు చోట్లా చూపించుకుని, ఒకరి చీటీ ఇంకొకరికి చూపించవచ్చు. నిజమైన ఇంటిగ్రేటివ్ వైద్యమంటే ఆ చీటీలు ఒకరివి ఒకరు చదవడమే. ఇద్దరు వైద్యులు ఒకరికి తెలియకుండా ఒకరు మందులిస్తే దానికి ఆ పేరు చెల్లదు.

ఇక 80 పరీక్షల సంగతి. ఇక్కడ కొంచెం లెక్క అర్థం చేసుకోండి, చాలా డబ్బు, దిగులు మిగులుతాయి. ల్యాబ్ రిపోర్టులో ‘నార్మల్ రేంజ్’ అనేది సాధారణంగా ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది ఎక్కడ ఉంటారో చూసి పెట్టిన హద్దు. అంటే ఏ జబ్బూ లేని మనిషికి కూడా ఒక్కో పరీక్షలో నూటికి ఐదు వంతులు హద్దు దాటే అవకాశం ఉంది. 20 పరీక్షలు చేస్తే అన్నీ నార్మల్‌గా వచ్చే అవకాశం నూటికి 36. 80 చేస్తే నూటికి రెండు కూడా లేదు. పరీక్షలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి లెక్క కాస్త మారుతుంది గానీ సంగతి మారదు: 80 పరీక్షలు చేయించిన ఎవరికైనా మూడు నాలుగు ఎర్ర గీతలు పడతాయి, ఒక్కో గీతకూ ఒక సప్లిమెంట్ వస్తుంది. దీనికి తోడు కొన్నిచోట్ల ల్యాబ్ హద్దును పక్కనపెట్టి, ‘ఆప్టిమల్ రేంజ్’ పేరుతో ఇంకా ఇరుకైన హద్దు పెడతారు. థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ 2.5 దాటితే చాలు, థైరాయిడ్ మందగించిందంటారు.

ఆ జాబితాలో తప్పకుండా ఉండేది ఐజీజీ ఫుడ్ సెన్సిటివిటీ పరీక్ష. రిపోర్టు చూడ్డానికి ఎంతో నమ్మకంగా ఉంటుంది. ఎడమవైపు వంద, రెండు వందల ఆహార పదార్థాల పేర్లు, ఎదురుగా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీలు. మన ప్రాంతపు ఆడవాళ్ల రిపోర్టుల్లో ఎర్ర పట్టీలు ఎక్కడ పడతాయో చూడండి: పాలు, కందిపప్పు, మినుములు, వేరుశెనగ, గుడ్డు. ఆకుపచ్చలో ఉండేవి అవకాడో, సాల్మన్ చేప, బ్లూబెర్రీ. కారణం తేలిక. ఐజీజీ అనే యాంటీబాడీ శరీరం ఆ పదార్థాన్ని చూసిందని చెబుతుంది, అది పడలేదని చెప్పదు. రోజూ తినేదానికే ఎక్కువ వస్తుంది. యూరప్, అమెరికా, కెనడా అలర్జీ వైద్యుల సంఘాలన్నీ దీన్ని ఆహారం పడకపోవడం తేల్చడానికి వాడొద్దన్నాయి. ఈ రిపోర్టు నమ్మి పప్పు, పాలు, గుడ్డు మానేస్తే, 54 ఏళ్ల మనిషికి మిగిలేది అన్నం, కూరగాయలు. మాంసకృత్తులు తగ్గి కండ కరుగుతుంది, మోకాళ్ల నొప్పి పెరుగుతుంది, అన్నం ఎక్కువై షుగర్ ఎగబాకుతుంది. వెంట్రుకల్లో ఖనిజాల పరీక్ష, లాలాజలంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌ను నాలుగు పూటలా చూసి ‘అడ్రినల్ ఫెటీగ్’ (అడ్రినల్ గ్రంథులు అలసిపోయాయి) అనడం, ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ జన్యు పరీక్ష కూడా ఇంతే. మందు ఇచ్చి మూత్రంలోకి లోహాలు రప్పించి కొలిచే పరీక్షను మాత్రం అసలు చేయించకండి. ఆ మందు ఇస్తే ఎవరి మూత్రంలోనైనా లోహాలు పెరుగుతాయి, దాన్ని విషంగా చూపించి చికిత్స మొదలుపెడతారు.

అమ్మగారికి నిజంగా కావలసిన పరీక్షలు చెబుతాను. హిమోగ్లోబిన్‌తో సీబీసీ (రక్తకణాల లెక్క), క్రియాటినిన్, దాంతో లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ (మూత్రపిండాల పనితీరు చెప్పే అంకె), మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, విటమిన్ బీ12, టీఎస్‌హెచ్, లివర్ ఎంజైములు, కొలెస్ట్రాల్, కంటి వెనక పొర పరీక్ష. ఇంతే. వీటిలో ఏవి ఒడిశా ప్రభుత్వ ‘నిదాన్’ పథకం కింద ఉచితమో ప్రభుత్వాసుపత్రిలో ముందే అడగండి.

బీ12 ఎందుకంటే, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే అది పేగులో బీ12 పీల్చుకోవడాన్ని తగ్గిస్తుంది. ఏడేళ్లు వాడిన మనిషికి అరికాళ్ల తిమ్మిరి, నీరసం ఉంటే షుగర్ వల్లనే అని ఊరుకోకూడదు. 200 పికోగ్రాముల కన్నా తక్కువ ఉంటే లోపమే. 200 నుంచి 300 మధ్య ఉంటే లక్షణాలున్నవారికి ఇచ్చి చూడటమే మేలు. రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్రతో చాలామందికి సరిపోతుంది, నరాల లక్షణాలు గట్టిగా ఉంటే డాక్టరు ఇంజెక్షన్లతో మొదలుపెడతారు.

హెచ్‌బీఏ1సీని గుడ్డిగా నమ్మకండి. మీ జిల్లాల్లో ఇది చాలా ముఖ్యం. దక్షిణ, పశ్చిమ ఒడిశాలో సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) లక్షణం ఉన్న కుటుంబాలు ఎన్నో. 2023 జులై 1న కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో ఒడిశా కూడా ఉంది. ఎర్రకణాలు తొందరగా చచ్చిపోయే జబ్బుల్లో హెచ్‌బీఏ1సీ అసలుకన్నా తక్కువ చూపిస్తుంది. ఇనుము లోపంతో రక్తహీనత ఉంటే అసలుకన్నా ఎక్కువ చూపిస్తుంది. కేవలం సికిల్ వాహకులైతే ల్యాబ్ వాడే పద్ధతిని బట్టి తప్పు రావచ్చు. ఇంట్లో సరిచూసుకునే దారి ఉంది. 8.3 అంటే సగటు షుగర్ సుమారు 190 ఉండాలి. గ్లూకోమీటరుతో వారం రోజులు పరగడుపున, మధ్యాహ్న భోజనమైన రెండు గంటలకు, రాత్రి పడుకోబోయే ముందు చూసి సగటు కట్టండి. అది 130, 140 దగ్గరే తిరుగుతుంటే హెచ్‌బీఏ1సీ తప్పు చెబుతోందని అనుమానించి, సికిల్ పరీక్ష, ఫ్రక్టోసమీన్ (రెండు మూడు వారాల సగటు షుగర్ చెప్పే పరీక్ష) గురించి డాక్టరును అడగండి. ఇది చూసుకోకుండా మందు పెంచితే షుగర్ పడిపోయి అమ్మగారు వంటింట్లో కూలబడతారు.

ఆ 8.3 నిజమే అని తేలితే, దానికి మూలకారణం వెతకడానికి 80 పరీక్షలు అక్కర్లేదు. ఆమె వాడుతున్న మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 మి.గ్రా. మాత్రమే. మూత్రపిండాలు బాగున్నవారికి నెమ్మదిగా 2000 వరకు పెంచుతారు. ఈజీఎఫ్‌ఆర్ 45 కన్నా తక్కువైతే మోతాదు తగ్గిస్తారు, 30 కన్నా తక్కువైతే ఆపేస్తారు. కడుపుబ్బరానికి కూడా మెట్‌ఫార్మినే కారణం కావచ్చు. మామూలు మాత్ర బదులు నెమ్మదిగా విడుదలయ్యే రకం రాయించుకుని, భోజనం మధ్యలోనో అయిన వెంటనేనో వేసుకుంటే చాలామందికి ఉబ్బరం తగ్గుతుంది. అదే ఉబ్బరాన్ని ఫంక్షనల్ ప్రోగ్రామ్‌లో ‘లీకీ గట్’ (పేగు గోడ కారుతోంది) అని రాసి ఐదారు సీసాలు ఇస్తారు.

థైరాయిడ్ మాత్ర ఎలా వేసుకుంటున్నారో చూడండి. లేవగానే మాత్ర, వెంటనే పాల టీ అయితే మాత్ర కొంత వృథా. ఉత్త నీళ్లతో వేసుకుని కనీసం అరగంట, కుదిరితే గంట ఆగాలి. చోడి (రాగి) అంబలి అలవాటున్న ఇళ్లకు ఇంకో మాట: వంద గ్రాముల చోడి పిండిలో కాల్షియం సుమారు 350 మి.గ్రా. ఉంటుంది, కాబట్టి అంబలి కూడా గంట తర్వాతే. కాల్షియం, ఐరన్ మాత్రలకైతే నాలుగు గంటల ఎడం పెట్టాలి. ఈ ఒక్క అలవాటు మార్చి ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ చూస్తే, మాత్ర పెంచనక్కర్లేకుండానే అంకె దిగినవారు ఎందరో.

షాపు నొప్పి మాత్రలు మాత్రం ఈరోజే ఆపించండి. మోకాళ్లకు ఇచ్చే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ రకాలు షుగర్ ఉన్నవారి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మీకు పక్కనే ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఇళ్లలో కిడ్నీ జబ్బు ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడి జబ్బుకు కారణం ఇదీ అని తేలలేదు గానీ, ఉన్న కిడ్నీని కాపాడుకోవాలంటే నొప్పి మాత్రలు మానడం మన చేతిలో పని. కాలేయం బాగుంటే పారాసెటమాల్ 500 లేదా 650, రోజుకు మూడు గ్రాములు దాటకుండా. మోకాలి మీద డైక్లోఫెనాక్ జెల్ పైపూత. ఆ రెండూ ఆమెకు సరిపోతాయి.

ఇంటిగ్రేటివ్ దారి నిజంగా ఉపయోగపడేది మోకాళ్ల దగ్గరే. తొడ ముందు కండరం బలపడితే మోకాలి మీద బరువు తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని కాలు చాపి ఐదు సెకన్లు నిలిపి దించాలి. ఒక్కో కాలికి పది, రోజుకు మూడు విడతలు. వారం తర్వాత చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, పది సార్లు. యోగా మాస్టారు వజ్రాసనం, పద్మాసనం వేయించబోతే వద్దనండి. అరిగిన మోకాలిని పూర్తిగా మడిచి దాని మీద కూర్చోకూడదు. తాడాసనం, గోడ ఆసరాతో వీరభద్రాసనం, శవాసనం, నాడీశోధనం చాలు. నూనె మర్దన హాయినిస్తుంది, చేయించుకోవచ్చు. కాపడం మాత్రం జాగ్రత్త. అరికాళ్ల తిమ్మిరి ఉన్న మనిషికి వేడి తెలియదు. ఇసుక మూట, జిల్లేడాకు కాపడం, వేడినీళ్ల సంచి పెట్టి కాలి, పుండై, చివరికి వేలు తీసేయాల్సి వచ్చిన షుగర్ రోగులున్నారు.

స్పర్శ ఉందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. అమ్మగారిని కళ్లు మూసుకుని పడుకోమనండి. రెండు పాదాల్లో బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను మీ చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు సుతారంగా తాకండి. నొక్కకూడదు, రాయకూడదు. తాకిన ప్రతిసారీ కుడో ఎడమో చెప్పాలి. ఆరింటిలో రెండు, అంతకన్నా ఎక్కువ తెలియకపోతే స్పర్శ పోయినట్టే. కాపడం పూర్తిగా బందు, చెప్పుల్లేకుండా ఇంట్లో కూడా నడవకూడదు, రోజూ రాత్రి పాదాలు చూడాలి.

ఆయుర్వేదం విషయంలో బరంపురం డాక్టరుగారిని రెండు సంగతులు అడగండి. ఇచ్చే మందులో లోహ భస్మాలున్నాయా? పేరు చివర రసం, భస్మం, సింధూరం అని ఉంటే ఉండే అవకాశం ఎక్కువ. షుగర్‌కు ఎక్కువగా ఇచ్చే వసంత కుసుమాకర రసంలో సీసపు భస్మం ఉంటుంది; త్రివంగ భస్మంలో కూడా సీసం ఉంది. క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూడకుండా ఇవి మొదలుపెట్టవద్దని మర్యాదగానే చెప్పండి, మంచి వైద్యుడు నొచ్చుకోరు. రెండోది, షుగర్ తగ్గించే మూలికలు ఏవైనా ఉన్నాయా? పొడపత్రి, కాకర రసం, మెంతిపొడి మోతాదుగా వాడితే నిజంగానే కొంత తగ్గిస్తాయి. ప్రమాదమూ అక్కడే. గ్లిమిపిరైడ్ వేసుకున్నాక అన్నం తినకపోయినా షుగర్‌ను దించుతూనే ఉంటుంది, దానికి ఇవి తోడైతే 70 కన్నా కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మాటలు కనిపిస్తే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకుండా ఆసుపత్రికి.

సంతలో, ఇంటికొచ్చి, పేరు లేని పొట్లాల్లో ఇచ్చే పొడులు అసలు వద్దు. నొప్పి రెండు రోజుల్లో మాయమై, ఆకలి పెరిగి, ముఖం ఉబ్బి, షుగర్ ఎగబాకుతుంటే ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపారని అనుమానించాలి. నెలల తరబడి వాడి ఉంటే ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే, డాక్టరుకు పొట్లం చూపించి మెల్లగా తగ్గించుకోవాలి. ఆనపకాయ రసం తాగేవాళ్లు మొదట చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసుకోండి. చేదుగా ఉంటే పారేయాలి, చేదు ఆనపకాయ రసం వాంతులు, రక్త విరేచనాల దాకా తెస్తుంది.

ఆ ప్రోగ్రామ్‌లో వచ్చే సప్లిమెంట్లలో అమ్మగారికి పడనివి చెబుతాను. అశ్వగంధ థైరాయిడ్ హార్మోనును పెంచుతుంది, ఇప్పటికే మాత్ర వాడుతున్నారు. అశ్వగంధతోనూ, తిప్పతీగతోనూ, మిరియాల సారం కలిపిన గాఢ పసుపు క్యాప్సూళ్లతోనూ కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కూరలో వేసే పసుపుకీ ఈ క్యాప్సూళ్లకీ సంబంధం లేదు. జుట్టుకిచ్చే బయోటిన్ 5, 10 మి.గ్రా. మాత్రలు చాలా ల్యాబుల్లో టీఎస్‌హెచ్ పరీక్షనే తప్పుదారి పట్టిస్తాయి. టీఎస్‌హెచ్ దొంగగా తక్కువ వస్తుంది, అది చూసి డాక్టరు థైరాయిడ్ మాత్ర తగ్గిస్తారు, నీరసం రెట్టింపవుతుంది. రక్తం ఇవ్వడానికి మూడు రోజుల ముందే బయోటిన్ ఆపాలి. విటమిన్ డి 60,000 యూనిట్లవి వారానికొకటి అని రాస్తారు. గడువు మరిచిపోయి నెలలు, ఏళ్లు మింగుతూ పోతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీ మీద పడుతుంది. సీసా వెనక్కి తిప్పి చూడండి: ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్స్ నంబరు, ఔషధంగా వాడరాదన్న మాట ఉంటాయి. అంటే చట్టం దృష్టిలో అది తిండి, మందు కాదు. తిండితో మధుమేహం నయం చేస్తామని ఎవరూ హామీ ఇవ్వకూడదు. షుగర్ నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది.

మందులు మానడం అసాధ్యమని నేననడం లేదు. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధనలో, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివారికి మూడు నుంచి ఐదు నెలలు రోజుకు 850 కేలరీల దగ్గర ఆహారం ఇచ్చి బరువు తగ్గిస్తే, ఏడాదికి 46 శాతం మందికి మందుల్లేకుండా షుగర్ అదుపులోకి వచ్చింది. రెండేళ్లకు 36 శాతం మంది నిలబెట్టుకున్నారు. 15 కిలోలు తగ్గినవారిలోనే ఎక్కువ. పని చేసింది బరువు తగ్గడం, అది కూడా డాక్టరు మందులు సర్దుతుండగా. ఏడేళ్లు నడిచిన అమ్మగారికి అవకాశం కొంత తక్కువ, లేకపోలేదు. తిండి తగ్గించిన రోజే ముందు తగ్గించాల్సింది గ్లిమిపిరైడ్. ఈ మాట ఆన్‌లైన్ కోచ్ చెప్పరు, చెప్పే అర్హతా లేదు. 2020 టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మందు రాయడం, మార్చడం రిజిస్టర్డ్ డాక్టరు పని.

పళ్లెంలో ముందు మార్చాల్సింది అన్నం కొలత. వండిన అన్నం ఒక కప్పు, అంటే 150 గ్రాములు, దాంట్లో పిండి పదార్థం 40 గ్రాముల పైనే. పూటకు ఒక కప్పు, దానికి రెట్టింపు కూర, ఒక కప్పు గట్టి పప్పు లేదా చేప. పఖాళం (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) వేసవిలో మానమనడం న్యాయం కాదు. అదే కప్పు కొలతలో, పక్కన వేయించిన చేపో, బడి చూరో (నలిపిన పప్పు వడియాలు), మునగాకు కూరో పెట్టండి. చోడి మంచిదే గానీ షుగర్‌కు మందు కాదు, పలచని అంబలి రెండు గ్లాసులు తాగితే అన్నంలాగే ఎక్కుతుంది. గట్టి ముద్దగానో రొట్టెగానో చేసి అన్నానికి బదులు పెట్టండి, అన్నంతో పాటు కాదు.

ఫంక్షనల్ వైద్యంలోంచి తీసుకోమన్న పద్ధతి ఇదీ. పెద్ద కాగితం అడ్డంగా పెట్టి మధ్యలో ఒక గీత గీయండి. గీత పైన జీవితంలో జరిగినవి సంవత్సరాలతో: పెళ్లి, కాన్పులు, కాన్పులో షుగర్ ఉందా, నెలసరి ఆగిన ఏడాది, ఇల్లు మారడం, పెద్ద జబ్బులు, ఆయా రోజుల్లో బరువు. గీత కింద ప్రతి మందూ మొదలైన నెల, ప్రతి బాధా మొదలైన నెల. వాళ్లు దీన్ని మూడుగా చదువుతారు: ముందునుంచీ ఉన్న బలహీనత, జబ్బును రగిల్చినది, ఆరకుండా ఉంచుతున్నది. గీత నింపాక చూడండి. తిమ్మిరి మెట్‌ఫార్మిన్ మొదలైన ఎన్నేళ్లకు వచ్చింది? ఉబ్బరం మోతాదు పెంచిన నెలలోనే వచ్చిందా? నీరసం థైరాయిడ్ మాత్ర టీతో వేసుకోవడం మొదలైనప్పటి నుంచా? 80 పరీక్షలు చెప్పలేనివి ఈ కాగితం చెబుతుంది. పాలు పడటం లేదన్న అనుమానం తీరాలంటే కూడా రక్త పరీక్ష అక్కర్లేదు. రెండు వారాలు పాలు, టీలో పాలు పూర్తిగా మాని, ఆ తర్వాత ఒక రోజు 250 మి.లీ. పాలు ఒక్కసారిగా తాగించి ఆరు గంటలు గమనించండి. ఉబ్బరం, గుడగుడ తిరిగొస్తే తెలిసిపోయింది. ఇంకో పదార్థం పరీక్షించాలంటే మూడు రోజులు ఆగి మొదలుపెట్టాలి, రెండు కలిపి చేస్తే ఏదీ తేలదు.

ఈ వారం చేయాల్సింది షాపు మాత్రలు ఆపడం, థైరాయిడ్ మాత్ర వేళ మార్చడం, రక్తం, మూత్రం ఇవ్వడం, గ్లూకోమీటరు లెక్క మొదలుపెట్టడం. రిపోర్టులు వచ్చాక మెట్‌ఫార్మిన్ రకం, మోతాదు, బీ12 సంగతి డాక్టరు తేలుస్తారు. ఆ మందుల మార్పులన్నీ ఒకే రోజు వద్దు, రెండు వారాలకొకటి. మోకాళ్ల వ్యాయామం మాత్రం రేపే మొదలుపెట్టొచ్చు. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ, బరువు. ఈజీఎఫ్‌ఆర్ 60 కన్నా తక్కువ, లేదా మూత్రంలో అల్బుమిన్ నిష్పత్తి 30 కన్నా ఎక్కువ వస్తే, మూడు నెలల్లో మళ్లీ చేయించి, అలాగే ఉంటే కిడ్నీ డాక్టరును కలవాలి. బరంపురమైనా, విశాఖ కేజీహెచ్ అయినా.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న ప్రతి మాత్ర స్ట్రిప్పు, సీసా, చూర్ణం పొట్లం ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. అమ్మగారి జాబితా తెలుగులో మాత్రమే ఉంటే బరంపురంలో డాక్టరుకు చదవడం రాకపోవచ్చు. స్ట్రిప్పు మీద ఇంగ్లిష్‌లో ఉన్న మందు పేరు, మోతాదు ఉన్నదున్నట్టు ఎత్తి రాసి, వేసుకునే వేళ ఒడియాలో ఎవరిచేతనైనా రాయించండి.